మరణ వాంగ్మూలం – పంచనామా: కెర్నల్ క్రాష్ డంప్ చరిత్ర పరిశీలన

వ్యాస సంగ్రహం:

కంప్యూటర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కీలకమైన భాగం కెర్నల్. అది కుప్పకూలిన క్షణాన మెమరీలో ఉన్న సమాచారాన్ని, కారణం వెదకడానికి వీలుగా భద్రపరిచిన నకలును క్రాష్ డంప్ అంటారు. 1950ల నాటి అయస్కాంత వలయాల మెమరీ మొదలుకొని 2005లో లినక్స్ కెర్నల్‌లో చేరిన కెడంప్ వరకు, ఆ తరువాతి పరిణామాల వరకు ఈ సేకరణ పద్ధతి ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కూలిపోయిన వ్యవస్థ తన గురించి తాను ఇచ్చే సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నే ఈ మార్పులకు మూలమని, ఆ సాక్ష్యం ఎవరి చేతికి చేరాలన్నది దాని వెంటే వచ్చిన రెండో ప్రశ్న అని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కెర్నల్, క్రాష్ డంప్, కోర్ మెమరీ, పానిక్, యూనిక్స్, లినక్స్, కెడంప్, ఆధార విమర్శ, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

చరిత్ర రచనకు ఆధారాలే పునాది. శాసనమైనా, తాళపత్రమైనా, కైఫీయతైనా, ప్రభుత్వ దస్తావేజైనా పరిశోధకుడు మొదట కొన్ని ప్రశ్నలు వేసుకుంటాడు. దీన్ని ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? రాసినవారికి జరిగినది తెలుసా? తెలిసినా ఉన్నదున్నట్లు రాయగల స్థితిలో ఉన్నారా? ఈ ప్రశ్నలు మానవ చరిత్రకే పరిమితమైనవి కావు. యంత్రం పనిచేయడం మానేసినప్పుడు దాని లోపల ఏం జరిగిందో తెలుసుకోవాలనుకున్న ఇంజనీర్లకు కూడా ఇవే ప్రశ్నలు ఎదురయ్యాయి. గత ఆరు దశాబ్దాలకు పైగా వారు వాటికి వేర్వేరు సమాధానాలు వెదికారు. ఆ సమాధానాల చరిత్రే ఈ వ్యాస విషయం.

వివరణ సౌలభ్యం కోసం న్యాయ వ్యవహారంలో మనకు పరిచితమైన రెండు మాటలను ఇక్కడ వాడుకుంటున్నాను. మరణించబోయే వ్యక్తి తన మరణానికి కారణమేమిటో తానే చెప్పిన మాట మరణ వాంగ్మూలం. 1872 నాటి భారత సాక్ష్య చట్టం 32వ సెక్షను దీనికి సాక్ష్య విలువ ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 26వ సెక్షనులోనూ అది కొనసాగింది. రెండోది పంచనామా. ఘటన జరిగిన తరువాత బయటివారు వచ్చి, ఉన్నదున్నట్లు చూసి రాసుకునే నివేదిక అది. మొదటిది లోపలి నుంచి వచ్చే సాక్ష్యం. రెండోది బయటి నుంచి వచ్చే సాక్ష్యం. క్రాష్ డంప్ చరిత్ర ఈ రెండింటి మధ్య సాగింది.

2. కెర్నల్ కూలడం – ఆధారం నశించడం:

మామూలు ప్రోగ్రామ్ ఒకటి చెడిపోతే కెర్నల్ దాన్ని ఆపివేస్తుంది. మిగతా పనులు యథాతథంగా సాగుతాయి. చెడిపోయిన ప్రోగ్రామ్ స్థితిని భద్రపరచడానికి దానికంటే పైనున్న అధికారి ఒకరు ఉన్నారన్నమాట. కెర్నల్ విషయంలో ఆ సౌకర్యం లేదు. మెమరీని పంచేది, డిస్కుకు రాసేది, ప్రాసెసర్ సమయాన్ని కేటాయించేది అదే. దాని పైన ఎవరూ లేరు.

కెర్నల్ కూలడమంటే చాలా సందర్భాలలో అది తనంతట తాను ఆగిపోవడమే. తన లోపలి లెక్కలు పొసగడం లేదని గుర్తించినప్పుడు, ఇంకా ముందుకు సాగితే డిస్కు మీది సమాచారం పాడవుతుందన్న భయంతో అది ఉద్దేశపూర్వకంగా నిలిచిపోతుంది. యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే పని మళ్లీ మొదలవుతుంది. అయితే తిరిగి ప్రారంభించడంతోనే మెమరీలోని ఆధారాలు పోతాయి. సేవను త్వరగా పునరుద్ధరించాలనుకునే నిర్వాహకుడికి, కారణం తెలుసుకోవాలనుకునే ఇంజనీరుకు మధ్య ఘర్షణ ఇక్కడే మొదలవుతుంది.

భద్రపరచవలసినవి ప్రధానంగా నాలుగు: ప్రాసెసర్ రిజిస్టర్లలోని విలువలు, ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో తెలిపే స్టాక్, నడుస్తున్న పనుల పట్టిక, కెర్నల్ తాను రాసుకుంటూ వచ్చిన సందేశాలు. వీటితోపాటు ఏ చిరునామా ఏ ఫంక్షన్‌కు చెందుతుందో చెప్పే పేర్ల పట్టిక కూడా అవసరం. అది లేకపోతే డంప్ అంతా అంకెల గుట్ట. లిపి తెలియని శాసనానికి, పేర్ల పట్టిక లేని డంప్‌కు పెద్ద తేడా లేదు.

3. అయస్కాంత వలయాల కాలం:

కోర్ డంప్ అనే మాటలోని కోర్‌కు మూలార్థం అయస్కాంత వలయం. 1953లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వర్ల్‌విండ్ కంప్యూటర్‌కు జే ఫారెస్టర్ బృందం అయస్కాంత వలయాల మెమరీని అమర్చింది. సన్నని తీగలకు గుచ్చిన చిన్న చిన్న వలయాలలో ఒక్కొక్కటి ఒక్కో బిట్‌ను దాచేది. 1970ల మొదటి సంవత్సరాల దాకా కంప్యూటర్లలో ఈ మెమరీదే రాజ్యం.

ఈ మెమరీకి ఒక విశేష గుణం ఉంది. కరెంటు పోయినా అందులోని సమాచారం చెరిగిపోదు. అందువల్ల యంత్రం ఆగిపోయిన తరువాత కూడా ఆధారం అక్కడే ఉండేది. కన్సోల్ వద్ద ఉన్న ఆపరేటర్ యంత్రాన్ని నిలిపి, ప్రత్యేకమైన చిన్న ప్రోగ్రామ్‌ను ఎక్కించి, మెమరీ మొత్తాన్ని కాగితం మీద అచ్చు వేయించేవాడు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లలో స్టాండ్ అలోన్ డంప్ అనే పేరుతో వ్యవహారంలోకి వచ్చిన పద్ధతి ఇదే. ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టమ్ సాయం ఏమాత్రం తీసుకోకుండా విడిగా నడిచే ప్రోగ్రామ్ కనుక దానికి ఆ పేరు. ఇది స్వచ్ఛమైన పంచనామా.

దీని భారమంతా చదివేవారి మీద పడేది. ఒక వరుసకు 32 బైట్ల చొప్పున అచ్చు వేస్తే 256 కిలోబైట్ల మెమరీకి 8192 వరుసలు అవుతాయి. పుటకు 60 వరుసల చొప్పున అది సుమారు 137 పుటల గ్రంథం. పదహారు అంకెల పద్ధతిలో ఉన్న ఆ పుటలను బల్ల మీద పరచుకొని, పెన్సిలుతో గీతలు గీస్తూ, ఒక చిరునామా నుంచి మరో చిరునామాకు ప్రయాణించడం నాటి సిస్టమ్ ప్రోగ్రామర్ నిత్యవిద్య.

ఇందులో ఒక సూక్ష్మమైన సమస్య ఉంది. డంప్ తీసే ప్రోగ్రామ్‌ను కూడా మెమరీలోకే ఎక్కించాలి. ఎక్కించిన చోట పాత సమాచారం పోతుంది. పరిశీలకుడు అడుగుపెట్టిన చోట ఆనవాళ్లు చెరిగిపోయినట్లే ఇది. ఆ అడుగును ఎంత చిన్నది చేయాలి, ఎక్కడ వేయాలి అన్నది అప్పటి నుంచి నేటి దాకా ఈ రంగాన్ని వదలని ప్రశ్న.

1970 నుంచి అర్ధవాహక మెమరీ చిప్‌లు మార్కెట్లోకి వచ్చాయి. ఇంటెల్ 1103 వాటిలో ప్రసిద్ధమైనది. ఇవి చవక, వేగవంతం. కానీ కొన్ని మిల్లీసెకన్లకొకసారి తిరిగి నింపుతూ ఉండకపోతే వీటిలోని సమాచారం నిలవదు. వలయాలు పోయినా కోర్ అనే మాట పోలేదు. నేటికీ ప్రోగ్రామర్లు కోర్ ఫైలు అంటూనే ఉన్నారు. వస్తువు మారినా పేరు నిలిచిన ఈ ఉదాహరణ అర్థపరిణామం మీద పనిచేసేవారికి ఆసక్తికరం. అసలు వస్తువుతోపాటు మాయమైనది మరొకటి ఉంది: ఆధారం తనంతట తాను నిలిచి ఉంటుందన్న ధీమా.

4. యూనిక్స్ – పానిక్ అనే నిర్ణయం:

1965లో మొదలైన మల్టిక్స్ పథకం నుంచి 1969లో బెల్ ల్యాబ్స్ వైదొలగింది. ఆ అనుభవం నుంచే కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల యూనిక్స్ పుట్టింది. మల్టిక్స్ రూపకర్తలలో ఒకరైన టామ్ వాన్ వ్లెక్ ఒక సంభాషణను నమోదు చేశారు. తాను రాసే కోడ్‌లో దాదాపు సగం లోపాల నుంచి కోలుకోవడానికే ఖర్చవుతోందని ఆయన రిచీతో అన్నారట. తాము అదంతా వదిలేశామని, పానిక్ అనే ఒక ఫంక్షన్ రాసి, అది పిలవబడితే యంత్రం ఆగిపోతుందని, తిరిగి ప్రారంభించమని వరండాలో కేక వేస్తే సరిపోతుందని రిచీ సమాధానం.

ఈ మాటలను చమత్కారంగా మాత్రమే చూడడం సరికాదు. ఇందులో ఒక రూపకల్పనా సూత్రం ఉంది. లోపం నుంచి కోలుకోవడానికి రాసే కోడ్‌లోనూ లోపాలుంటాయి. దానికంటే స్పష్టంగా ఆగిపోవడం మేలు. తొలినాళ్ల యూనిక్స్‌లో పానిక్ ఫంక్షన్ కొన్ని వరుసలు మాత్రమే. డిస్కుకు చేరవలసిన సమాచారాన్ని ఒకసారి రాయడానికి ప్రయత్నిస్తుంది. కారణాన్ని కన్సోల్ మీద అచ్చు వేస్తుంది. ఆ తరువాత ఏ పనీ చేయకుండా తిరుగుతూ ఉంటుంది.

1979 నాటి ఏడవ ఎడిషన్ యూనిక్స్ కరదీపికలో యంత్రం కూలినప్పుడు ఏం చేయాలో చెప్పే పుట ఒకటి ఉంది. దాని ప్రకారం డంప్‌ను మాగ్నెటిక్ టేపు మీదికి మాత్రమే తీయవచ్చు. టేపును సిద్ధం చేసి, యంత్రాన్ని ఆపి, 44 అనే చిరునామాను ఎక్కించి, అక్కడి నుంచి నడిపించాలి. డంప్ తీసే కోడ్ కెర్నల్ లోపలే ఉంది. దాన్ని కదిలించే చేయి మాత్రం మనిషిది. పంచనామా నుంచి మరణ వాంగ్మూలం వైపు చరిత్ర మళ్లిన ఘట్టంగా దీన్ని గుర్తించవచ్చు.

5. బీఎస్‌డీ – స్వాప్‌లో దాచిన వాంగ్మూలం:

పక్కన మనిషి ఉన్నంత కాలం పై పద్ధతి చెల్లింది. యంత్రాలు పెరిగి, రాత్రివేళ ఎవరూ లేని గదుల్లో నడవడం మొదలయ్యాక అది చాలలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రూపొందిన బీఎస్‌డీ యూనిక్స్ 1980ల ఆరంభానికి ఒక పరిష్కారాన్ని స్థిరపరచింది.

మెమరీ చాలనప్పుడు పుటలను తాత్కాలికంగా ఉంచడానికి డిస్కులో స్వాప్ అనే భాగం ఉంటుంది. యంత్రం కూలిన తరువాత అందులో ఉన్నదానికి విలువ లేదు. కనుక కూలుతున్న కెర్నల్ మెమరీ మొత్తాన్ని అక్కడ రాస్తుంది. యంత్రం తిరిగి లేచినప్పుడు సేవ్‌కోర్ అనే ప్రోగ్రామ్ దాన్ని మామూలు ఫైలుగా మారుస్తుంది. డంప్‌తోపాటు నాటి కెర్నల్ నకలును కూడా అదే వరుస సంఖ్యతో భద్రపరుస్తుంది. ఆధారాన్ని, దాన్ని చదివే నిఘంటువును ఒకే చోట ఉంచిన పద్ధతి ఇది.

డంప్‌ను స్వాప్ భాగం చివర రాయడంలోనూ ఆలోచన ఉంది. తిరిగి లేచిన యంత్రం స్వాప్‌ను మొదటి నుంచి వాడుకుంటూ వస్తుంది. సేవ్‌కోర్ పని పూర్తయ్యేలోగా డంప్ మీద కొత్త సమాచారం పడే ప్రమాదం ఇలా తగ్గుతుంది. ఈ పద్ధతి తరువాతి వాణిజ్య యూనిక్స్‌లకు ఆదర్శమైంది. డంప్‌లను చదవడం ఒక ప్రత్యేక నైపుణ్యంగా ఎదిగింది. సన్ సంస్థకు చెందిన క్రిస్ డ్రేక్, కింబర్లీ బ్రౌన్ 1995లో పానిక్ అనే పేరుతో ఈ విషయం మీద పూర్తి స్థాయి గ్రంథమే ప్రకటించారు.

అయితే మౌలికమైన సందేహం మిగిలే ఉంది. తన లెక్కలు తప్పాయని ఒప్పుకొని ఆగిపోతున్న కెర్నల్‌నే, అదే డిస్కు డ్రైవర్‌తో, అదే మెమరీ పట్టికలతో, డిస్కు మీద రాయమంటున్నాం. లోపం ఆ డ్రైవర్‌లోనే ఉంటే డంప్ రాదు. అంతకంటే దారుణం, రాయవలసిన చోట కాక వినియోగదారుల ఫైళ్ల మీద రాస్తే ఆధారం కోసం ఆస్తినే పోగొట్టుకున్నట్లవుతుంది.

6. వీఎంఎస్ నుంచి విండోస్ దాకా – జాగ్రత్తల వరుస:

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి వీఎంఎస్‌లో కెర్నల్ ఆగిపోవడాన్ని బగ్‌చెక్ అన్నారు. డంప్‌కు ముందే కేటాయించిన ఫైలు, దాన్ని చదవడానికి సిస్టమ్ డంప్ అనలైజర్ అనే పరికరం అందులో ఉండేవి. వీఎంఎస్ రూపకర్తలలో ప్రముఖుడైన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌లో చేరి విండోస్ ఎన్‌టీకి నాయకత్వం వహించారు. 1993లో విడుదలైన ఎన్‌టీలో బగ్‌చెక్ అనే మాట అలాగే కనిపించడం ఈ వారసత్వానికి నిదర్శనం. సామాన్యులు దాన్ని నీలి తెరగా ఎరుగుదురు.

పైన చెప్పిన సందేహానికి విండోస్ ఒక మధ్యేమార్గం కనుగొంది. యంత్రం ఆరోగ్యంగా లేచిన సమయంలోనే డంప్‌కు కావలసిన డిస్కు డ్రైవర్ నకలును విడిగా ఉంచుతుంది. డిస్కు మీద డంప్ పడవలసిన చోట్లను ముందే గుర్తించి పెట్టుకుంటుంది. వీటన్నిటికీ ఒక సరిపోలిక సంఖ్యను లెక్కిస్తుంది. కూలిన క్షణాన ఆ సంఖ్యను మళ్లీ లెక్కించి చూస్తుంది. పోలకపోతే డంప్ రాయడమే మానుకుంటుంది. సాక్షి తన మతిస్థిమితాన్ని తాను పరీక్షించుకొని, అనుమానం వస్తే మౌనం వహించడం వంటిది ఇది.

విండోస్ 2000తో డంప్‌లు మూడు పరిమాణాలలో వచ్చాయి: పూర్తి మెమరీ, కెర్నల్ మెమరీ మాత్రమే, 64 కిలోబైట్ల చిన్న డంప్. చిన్న డంప్‌ను ఇంటర్నెట్ ద్వారా పంపడం సులువు కావడంతో కొత్త అధ్యాయం మొదలైంది. లక్షలాది యంత్రాల నుంచి వచ్చిన నివేదికలను ఒకే కారణం ఉన్నవి ఒకే గంపలో పడేలా వర్గీకరించే విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ ఏర్పడింది. దాని పదేళ్ల అనుభవాన్ని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2009లో ఆపరేటింగ్ సిస్టమ్స్ సదస్సులో పత్రంగా సమర్పించారు. ఒక్కో శాసనాన్ని చదవడం నుంచి శాసనాల సంపుటాలను గణించడం వైపు పురాలేఖన పరిశోధన మళ్లడంతో దీన్ని పోల్చవచ్చు.

7. లినక్స్ – కోడ్ చదవడమా? డంప్ చదవడమా?:

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్‌లో చాలా కాలం డంప్ సౌకర్యం లేదు. లోపం ఎదురైతే కెర్నల్ ఊప్స్ అనే సందేశాన్ని తెర మీద చూపేది. వినియోగదారులు ఆ అంకెలను కాగితం మీద రాసుకొని, కెసిమ్ఊప్స్ అనే పరికరంతో ఫంక్షన్ పేర్లుగా మార్చుకొని, డెవలపర్లకు పంపేవారు. ప్రతి లేఖకుడి వద్దా అక్షరదోషం దొర్లే అవకాశం ఉన్నట్లే, ఇక్కడా ఒక అంకె తప్పితే అర్థమే మారిపోయేది.

1999లో ఎస్‌జీఐ సంస్థ ఎల్‌కేసీడీ అనే డంప్ పథకాన్ని ముందుకు తెచ్చింది. రెడ్ హ్యాట్ సంస్థ నెట్‌వర్క్ ద్వారా డంప్‌ను మరో యంత్రానికి పంపే నెట్‌డంప్‌ను, ఆ తరువాత డిస్క్‌డంప్‌ను తెచ్చింది. డంప్‌లను చదవడానికి డేవ్ ఆండర్సన్ రాసిన క్రాష్ అనే పరికరం వాడుకలోకి వచ్చింది. 2002లో ఎల్‌కేసీడీని ప్రధాన కెర్నల్‌లో చేర్చాలన్న ప్రతిపాదనను టోర్వాల్డ్స్ అంగీకరించలేదు. అది వాణిజ్య సంస్థల అవసరం కనుక అవే ముందు దాని ప్రయోజనాన్ని నిరూపించాలన్నది ఆయన వైఖరి. అంతకు రెండేళ్ల ముందే కెర్నల్ డీబగ్గర్ల పట్ల తన అయిష్టాన్ని ఆయన బహిరంగంగా ప్రకటించారు. పరికరాల మీద ఆధారపడేవారు లక్షణాన్ని సరిచేస్తారు తప్ప కోడ్‌ను లోతుగా అర్థం చేసుకోరన్నది ఆయన భావన.

ఈ వివాదంలో రెండు పక్షాలకూ బలమైన కారణాలున్నాయి. కెర్నల్ రచయితకు కోడ్ తన చేతిలో ఉంది. లోపాన్ని తన యంత్రం మీద మళ్లీ పుట్టించుకోగలడు. బ్యాంకు కంప్యూటర్‌ను నిర్వహించే ఇంజనీరుకు ఆ వెసులుబాటు లేదు. ఆరు నెలలకొకసారి మాత్రమే వచ్చే లోపానికి, వచ్చిన ఆ ఒక్క క్షణంలో దొరికినదే ఆధారం. మూలగ్రంథాన్ని చదివితే చాలునని ఒకరు, జరిగిన సంఘటనకు సాక్ష్యం కావాలని మరొకరు అన్నట్లు ఈ వాదం సాగింది.

8. కెడంప్ – వారసుడు రాసే పంచనామా:

ఈ చిక్కుముడి వేరే పని కోసం పుట్టిన ఒక సాధనంతో విడింది. ఎరిక్ బీడర్‌మన్ రూపొందించిన కెక్సెక్ అనే సౌకర్యం, నడుస్తున్న కెర్నల్ నుంచి హార్డ్‌వేర్ ప్రారంభ ప్రక్రియలేవీ లేకుండా నేరుగా మరో కెర్నల్‌లోకి దూకడానికి ఉద్దేశించింది. యంత్రాన్ని త్వరగా పునఃప్రారంభించడం దాని లక్ష్యం. దీని ఆధారంగా కెడంప్ రూపుదిద్దుకుంది. ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న భారతీయ ఇంజనీర్లు వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ, బీడర్‌మన్‌తో కలిసి 2005లో ఒటావాలో జరిగిన లినక్స్ సదస్సులో దీనిపై పత్రం సమర్పించారు. అదే సంవత్సరం ఆగస్టులో విడుదలైన 2.6.13 కెర్నల్‌లో కెక్సెక్, కెడంప్ చేరాయి.

దీని పద్ధతి ఇది. యంత్రం లేచేటప్పుడే మెమరీలో కొంత భాగాన్ని పక్కన పెడతారు. 16వ మెగాబైటు నుంచి 64 మెగాబైట్లు కేటాయించడం తొలినాళ్ల కరదీపికలో కనిపించే ఉదాహరణ. ఆ భాగంలో రెండో కెర్నల్‌ను ముందుగానే ఎక్కించి ఉంచుతారు. మొదటి కెర్నల్ కూలినప్పుడు అది చేయవలసిన పని స్వల్పం: మిగతా ప్రాసెసర్లను ఆపి, రిజిస్టర్ల విలువలను నమోదు చేసి, రెండో కెర్నల్‌లోకి దూకడం. దూకే దారిలో ఉన్న చిన్న కోడ్, రెండో కెర్నల్ చెక్కుచెదరకుండా ఉందో లేదో సరిపోలిక సంఖ్యతో తనిఖీ చేస్తుంది. రెండో కెర్నల్ తనకు కేటాయించిన భాగంలోనే నడుస్తూ, పాత మెమరీనంతటినీ ఒక ఫైలులాగా చూపిస్తుంది. ఆ ఫైలును డిస్కుకైనా, నెట్‌వర్క్ ద్వారా మరో యంత్రానికైనా మామూలు ఆదేశాలతో నకలు చేయవచ్చు.

దీనివల్ల రెండు పాత సమస్యలు చాలావరకు తీరాయి. డంప్ రాసేది కూలిన కెర్నల్ కాదు, కొత్తగా లేచిన కెర్నల్. పరిశీలకుడు కాలు మోపే చోటు కూడా ముందే కేటాయించినది కనుక పాత ఆనవాళ్ల మీద అడుగు పడడం దాదాపు లేదు. అయస్కాంత వలయాల కాలం నాటి పంచనామాయే ఆపరేటర్ అవసరం లేకుండా తిరిగి వచ్చిందని చెప్పవచ్చు.

అలాగని సమస్యలన్నీ తీరలేదు. నెట్‌వర్క్ కార్డు, డిస్కు కంట్రోలరు వంటి పరికరాలు మొదటి కెర్నల్ వదిలివెళ్లిన స్థితిలోనే ఉంటాయి. కొన్ని ఇంకా మెమరీలోకి రాస్తూ ఉండవచ్చు. రెండో కెర్నల్ డ్రైవర్లు అటువంటి పరికరాలను తిరిగి దారికి తెచ్చుకోవాలి. పక్కన పెట్టిన మెమరీ మామూలు రోజుల్లో వేరే పనికి ఉపయోగపడదు. ఎన్నడో వచ్చే ఆపద కోసం నిత్యం చెల్లించే మూల్యమిది.

9. ఏది ఉంచాలి? ఏది వదలాలి?:

మెమరీ వందల గిగాబైట్లకు పెరిగాక మొత్తం నకలు చేయడం గంటల పని అయింది. అందుకే మేక్‌డంప్‌ఫైల్ అనే పరికరం వచ్చింది. ఇది అయిదు రకాల పుటలను వదిలివేయగలదు: సున్నాలతో నిండినవి, డిస్కు నకళ్లుగా ఉన్న రెండు రకాలు, వినియోగదారుల ప్రోగ్రామ్‌ల సమాచారం, ఖాళీగా ఉన్నవి. వీటికి 1, 2, 4, 8, 16 అనే విలువలున్నాయి. అన్నీ వదలాలంటే మొత్తం 31. నిర్వాహకుడు ఎంచుకునే ఈ ఒక్క అంకె, ఏ ఆధారం భవిష్యత్తుకు మిగులుతుందో నిర్ణయిస్తుంది. దస్తావేజుల భాండాగారంలో ఏ కాగితాలు ఉంచాలో, ఏవి పారవేయాలో నిర్ణయించే అధికారి పాత్ర ఇదే.

వదలడానికి పరిమాణం ఒక్కటే కారణం కాదు. మెమరీలో పాస్‌వర్డులు, రహస్య తాళాలు, ఉత్తరాలు, ఖాతా వివరాలు విప్పి చదవగల రూపంలో ఉంటాయి. డంప్‌ను సాఫ్ట్‌వేర్ సంస్థకు పంపడమంటే వాటిని కూడా పంపడమే. 2023లో ఒక విదేశీ హ్యాకర్ల బృందం మైక్రోసాఫ్ట్ తాళంతో ప్రభుత్వ ఈమెయిళ్లలోకి చొరబడింది. 2021 ఏప్రిల్‌లో ఒక ప్రోగ్రామ్ కూలినప్పుడు తీసిన డంప్‌లోకి ఆ తాళం పొరపాటున చేరి ఉండవచ్చని ఆ సంస్థ 2023 సెప్టెంబరులో వివరణ ఇచ్చింది. 2024 మార్చిలో దాన్ని సవరిస్తూ, ఆ తాళం ఉన్న డంప్ ఏదీ తమకు దొరకలేదని తెలిపింది. అది కెర్నల్ డంప్ కాకపోయినా ఈ చరిత్రకు రెండు విధాలుగా ముఖ్యం. మొదటిది, డంప్ నుంచి రహస్యం జారిపోవడం ఎంత సహజమైన ప్రమాదమో ఆ సంస్థ ఊహే చెబుతోంది. రెండోది, డంప్ గురించిన వాదానికి కూడా డంపే ఆధారం కావాలి. అది లేనప్పుడు వివరణ ఎంత పొందికగా ఉన్నా ఊహగానే మిగులుతుంది.

10. సమకాలిక పరిణామాలు:

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక నవీకరణ వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. వాటి సంఖ్యను మైక్రోసాఫ్ట్ 85 లక్షలుగా అంచనా వేసింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. 20 విలువలు మాత్రమే అందే చోట 21వ విలువను చదవబోయి, హద్దు దాటిన మెమరీని తాకడం కారణమని ఆ సంస్థ ఆగస్టులో ప్రకటించిన నివేదికలో తెలిపింది. యంత్రాల నుంచి వచ్చిన క్రాష్ డంప్‌లను పరిశీలించి, హద్దు దాటి చదవడమే లోపమని మైక్రోసాఫ్ట్ కూడా నిర్ధారించింది. ఇంత పెద్ద ఘటనలో మాటల మీద కాక ఆధారాల మీద చర్చ సాగడానికి డంప్‌లు తోడ్పడ్డాయి.

పూర్తి డంప్‌కు చోటులేని ఫోన్‌లు, చిన్న పరికరాల కోసం వేరే దారులు వచ్చాయి. 2011లో లినక్స్‌లో చేరిన పీస్టోర్, చివరి సందేశాలను మాత్రం పునఃప్రారంభంలోనూ చెరగని చోట దాస్తుంది. 2024 చివర వచ్చిన 6.12 కెర్నల్, పానిక్ సందేశాన్ని తెర మీద క్యూఆర్ కోడ్‌గా చూపగలదు. ఒకనాడు చేత్తో రాసుకున్న అంకెలను నేడు ఫోన్ కెమెరా చదువుతుంది. పరికరం మారింది, తెర ముందు మనిషి అవసరం మాత్రం మళ్లీ వచ్చింది.

11. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు స్పష్టమవుతున్నాయి. క్రాష్ డంప్ చరిత్ర సరళరేఖలో సాగిన ప్రగతి కాదు. బయటి నుంచి తీసే పంచనామాతో మొదలై, చవకైన మెమరీ, మనుషులు లేని యంత్రశాలల వల్ల మరణ వాంగ్మూలం వైపు మళ్లి, కెడంప్‌తో తిరిగి పంచనామాకు చేరింది. ప్రతి మలుపులోనూ విశ్వసనీయత, వేగం, ఖర్చు మధ్య బేరం జరిగింది. ఏది భద్రపరచాలన్న నిర్ణయం ఎల్లప్పుడూ సంఘటనకు ముందే జరిగిందన్నది మరో ముఖ్యాంశం. పక్కన పెట్టిన మెమరీ, కేటాయించిన ఫైలు, ఎంచుకున్న అంకె – ఇవన్నీ యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాలే.

నేడు భూమి రికార్డులు, పింఛన్లు, పరీక్షా ఫలితాలు, ఆసుపత్రి పత్రాలు అన్నీ ఇటువంటి యంత్రాల మీదే ఉన్నాయి. అవి ఆగిపోయినప్పుడు సర్వర్ డౌన్ అన్న రెండు మాటలతో పౌరుడిని వెనక్కి పంపడం మామూలైపోయింది. ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ఆధారం తీసి ఉంచాలి. ఉంచిన ఆధారంలో పౌరుడి వివరాలు బయటపడకుండా కాపాడాలి. ఈ రెండు బాధ్యతలనూ కలిపి మోసే సంస్థాగత నియమాలు ఇంజనీర్లకే పరిమితమైన విషయం కాదు. భాండాగారాల విలువ, వాటిని దుర్వినియోగం చేసే ప్రమాదం రెండూ ఎరిగిన చరిత్ర పరిశోధకులు ఈ చర్చలో పాలుపంచుకోవలసిన అవసరం ఉంది.